కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు.. మరి లోగో సంగతేంటి? ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ పెట్టేవాళ్లు ముందే తేల్చుకోవాల్సిన విషయాలివే..

ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టాలంటే చాలామంది కళ్లు ముందు వెతికేది ఆరెంజ్ కలర్ ట్రాఫిక్ కోన్ బొమ్మనే. అదే వీఎల్‌సీ ప్లేయర్. 1996లో పారిస్‌ ఎకోల్ సెంట్రాల్ కాలేజీ స్టూడెంట్స్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. 2001లో జీపీఎల్ లైసెన్స్ కింద కోడ్ మొత్తం బయటపెట్టేశారు. అంటే ఆ కోడ్‌ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, జీపీఎల్ షరతులు పాటిస్తే అమ్ముకోవచ్చు కూడా.

మరి ఆ కోన్ బొమ్మని కూడా అలాగే తీసేసుకోవచ్చా..?

ఇక్కడే అసలు మెలిక ఉంది. వీఎల్‌సీ అనే పేరు వీడియోలాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పేరు మీద రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్క్. ఇక కోన్ బొమ్మ విషయంలో ఆ సంస్థ పెట్టిన రూల్ చాలా చిన్నది. వీడియోలాన్ గురించో, వాళ్ల సాఫ్ట్‌వేర్ గురించో చెప్పడానికి ఎవరైనా ఆ బొమ్మ వాడొచ్చు, మార్చుకోవచ్చు కూడా. కాకపోతే బొమ్మ వాడినంత మాత్రాన ఆ సంస్థ మిమ్మల్ని సమర్థించినట్టు కాదు. అంటే వీఎల్‌సీ టిప్స్ మీద చేసే వీడియో థంబ్‌నెయిల్‌లో కోన్ పెట్టుకోవచ్చు. మీరు తయారు చేసిన వేరే ప్లేయర్‌కి ఐకాన్‌గా తగిలించుకోవడం కుదరదు.

ఇదేదో ఫారిన్ కంపెనీల గొడవ అనుకోకండి. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్.. ఎక్కడ చూసినా ఇంజినీరింగ్ స్టూడెంట్స్ గిట్‌హబ్‌లో ప్రాజెక్టులు పెడుతున్నారు. ప్రాజెక్ట్ పెట్టేటప్పుడు లైసెన్స్ ఏదని అడిగితే లిస్టులో ఎంఐటీ అని ఒక క్లిక్.. పని అయిపోయింది. లోగో కూడా అదే ఫోల్డర్‌లో పడి ఉంటుంది. యాప్ ఎవరికీ తెలియనన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. నలుగురూ వాడటం మొదలుపెట్టాకే కథ మారుతుంది. అదే కోడ్ తీసుకుని, అదే బొమ్మ పెట్టి, లోపల యాడ్స్ దూర్చి, ఇంకొకరు ఇంకో యాప్ దించుతారు. తిట్లు మాత్రం అసలు ప్రాజెక్ట్ వాళ్లకే వస్తాయి.

ఇలాంటిది నిజంగానే జరిగింది. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ జింప్ తెలుసు కదా. 2015లో సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైట్, జింప్ విండోస్ వెర్షన్ పేజీని తన చేతిలోకి తీసుకుని, ఇన్‌స్టాలర్‌తో పాటు యాడ్ ప్రోగ్రామ్‌లు కలిపి ఇచ్చింది. పేరు జింప్‌దే, బొమ్మ జింప్‌దే. లోపల ఉన్నది మాత్రం జింప్ టీమ్ ఇచ్చింది కాదు. ఎంత పెద్ద రచ్చ అయిందంటే.. చివరికి ఆ సైట్ వెనక్కి తగ్గింది.

ఒకే బొమ్మ.. రెండు హక్కులు

లోగో విషయంలో చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ఒక్క బొమ్మలోనే రెండు వేర్వేరు హక్కులుంటాయి. మొదటిది కాపీరైట్. అంటే ఆ బొమ్మని కాపీ కొట్టడానికి, మార్చడానికి, ప్రింట్ వేయడానికి ఎవరికి పర్మిషన్ ఉందనేది. రెండోది ట్రేడ్‌మార్క్. ఆ బొమ్మ చూడగానే జనానికి ఎవరు గుర్తొస్తారు, ఆ గుర్తింపుని ఇంకెవరైనా వాడుకోవచ్చా అనేది.

సింపుల్‌గా చెప్పాలంటే.. ఒక హోటల్ ఓనర్ తన బిర్యానీ రెసిపీ మొత్తం యూట్యూబ్‌లో పెట్టేశాడనుకోండి. చూసి ఎవరైనా వండుకోవచ్చు, బండి పెట్టి అమ్ముకోవచ్చు. అలాగని ఆయన బోర్డుని పక్క వీధిలో ఇంకొకరు పెట్టుకుంటే ఊరుకుంటాడా? ఊరుకోడు. రెసిపీ ఓపెన్.. బోర్డు కాదు.

మరి మనం క్లిక్ చేసే లైసెన్సులు బోర్డు గురించి ఏం చెబుతున్నాయి? అపాచీ 2.0 అయితే ఆరో సెక్షన్‌లో ట్రేడ్‌మార్క్ వాడే హక్కు ఇవ్వడం లేదని స్పష్టంగా రాసింది. మూడు క్లాజుల బీఎస్‌డీ లైసెన్స్, మా పేరు చెప్పుకుని మీ ప్రొడక్ట్‌ని ప్రమోట్ చేసుకోవద్దంటుంది. జీపీఎల్ మూడో వెర్షన్‌లో కావాలంటే అలాంటి షరతు అదనంగా కలుపుకునే వీలుంది. ఎంఐటీ మాత్రం ట్రేడ్‌మార్క్ ఊసే ఎత్తదు.

ఎక్కువమంది ఎంచుకునే ఎంఐటీలోనే ఆ మాట లేకపోవడం గమనించాల్సిన సంగతి. పైగా లోగో ఫైల్ కూడా అదే ఫోల్డర్‌లో ఉంటే, కాపీరైట్ వరకు బొమ్మ కూడా ఎంఐటీ కిందకే వచ్చిందని అవతలివాళ్లు వాదించొచ్చు. అందుకే లోగోని వేరే ఫోల్డర్‌లో పెట్టి, దానికి వేరే లైసెన్స్ ఫైల్ రాయడం అనేది రెండు నిమిషాల పనే అయినా చాలా తలనొప్పులు తగ్గిస్తుంది.

ఫైర్‌ఫాక్స్ పేరు పదేళ్లు మాయం

లోగో రూల్స్ తేడా కొడితే ఏమవుతుందో చెప్పడానికి దీన్ని మించిన కథ లేదు.

డెబియన్ అనేది లైనక్స్ ప్రపంచంలో పాత, పెద్ద పేరు. పూర్తిగా వాలంటీర్లు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. వాళ్లకో నియమావళి ఉంది. అందులో పెట్టే ప్రతి ఫైల్‌నీ ఎవరైనా మార్చుకునేలా, మళ్లీ పంచుకునేలా ఉండాలి. ఆ హక్కు డెబియన్‌కి మాత్రమే ప్రత్యేకంగా ఇస్తే ఒప్పుకోరు.. డెబియన్ దగ్గర తీసుకునే వాళ్లందరికీ ఉండాలి.

ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ సంగతి చూద్దాం. కోడ్ ఓపెనే. కానీ భూగోళాన్ని చుట్టుకున్న ఆ నక్క బొమ్మ కాపీరైట్ అప్పట్లో ఓపెన్ కాదు. దాంతో డెబియన్ వాళ్లు ఏం చేశారంటే.. ఫైర్‌ఫాక్స్ అనే పేరు ఉంచి, నక్క బొమ్మ తీసేసి వేరే ఐకాన్ పెట్టారు. కొన్నాళ్లు అలాగే నడిచింది. 2006లో మొజిల్లా నుంచి అభ్యంతరం వచ్చింది. పేరు వాడాలంటే బొమ్మ కూడా వాడాల్సిందే. రెండూ కలిపే ఉండాలి. అంతే కాదు.. కోడ్‌లో మీరు చేసే మార్పులు మాకు చూపించి ఒప్పించుకోవాలి.

మొజిల్లా వైపు నుంచి చూస్తే ఇందులో తప్పేం లేదు. ఎవరో మార్చిన బ్రౌజర్‌లో సెక్యూరిటీ లోపం వస్తే చెడ్డపేరు ఫైర్‌ఫాక్స్‌కే వస్తుంది. డెబియన్ వైపు నుంచి చూసినా తప్పు లేదు. బొమ్మ ఓపెన్ కాకపోతే వాళ్ల నియమావళి ఒప్పుకోదు. పాత వెర్షన్లకి సెక్యూరిటీ రిపేర్లు చేస్తూ ప్రతిసారీ ఎవరి పర్మిషన్ కోసమో ఎదురుచూడలేరు.

చివరికి ఏమైందంటే.. డెబియన్ ఏకంగా పేరే మార్చేసింది. ఫైర్‌ఫాక్స్ కాస్తా ఐస్‌వీజిల్ అయింది. నిప్పుకి బదులు మంచు, నక్కకి బదులు ముంగిస లాంటి జంతువు! థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్ ఐస్‌డవ్ అయింది. 2007లో వచ్చిన డెబియన్ 4.0లో ఈ కొత్త పేర్లే కనిపించాయి. ఫైర్‌ఫాక్స్ ఏదని వెతుక్కున్న యూజర్లకి ప్రతిసారీ ఈ కథంతా చెప్పాల్సి వచ్చేది.

ఇక్కడ ఇంకో విచిత్రం కూడా ఉంది. అదే టైంలో డెబియన్ సొంత లోగో.. ఆ ఎర్రటి సుడి బొమ్మ.. డెబియన్ నియమావళి ప్రకారమే చూస్తే పూర్తిగా ఓపెన్ కాదు! 1999లో ఎంపిక చేసినప్పుడు రెండు రకాలు పెట్టుకున్నారు. సుడి మాత్రమే ఉన్న బొమ్మ అందరూ వాడుకోవడానికి. సీసాలోంచి సుడి వస్తున్నట్టున్న బొమ్మ అధికారిక పనులకు. అందరికీ ఇచ్చిన బొమ్మ మీద కూడా.. డెబియన్ గురించి చెప్పడానికే వాడాలి అన్న షరతు ఉండేది. పైన చెప్పుకున్న కోన్ రూల్ లాంటిదే ఇదీ. ఎదుటివాళ్ల లోగోని పక్కన పెట్టినవాళ్లు తమ లోగో సంగతి తేల్చుకోవడానికి 2012 వరకు టైం తీసుకున్నారు. ఆ ఏడాది సుడి బొమ్మ కాపీరైట్‌ని ఎల్‌జీపీఎల్ లేదా క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 3.0.. ఏది కావాలంటే అది కింద ఇచ్చేశారు. ఆ వెంటనే 2013లో ట్రేడ్‌మార్క్ రూల్స్‌ని వేరే పేజీగా రాసుకున్నారు. బొమ్మ ఓపెన్, పేరు మాత్రం కాపాడుకుంటాం.. అన్నమాట.

మొజిల్లా కూడా తర్వాత ఇదే దారిలోకి వచ్చింది. లోగో బొమ్మ కాపీరైట్‌ని ఓపెన్ చేసింది. ట్రేడ్‌మార్క్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. డెబియన్ చేసే మార్పులు క్వాలిటీని దెబ్బతీయడం లేదని ఒప్పుకుంది. 2016లో ఐస్‌వీజిల్ పేరు పోయి డెబియన్‌లోకి మళ్లీ ఫైర్‌ఫాక్స్ వచ్చింది. ఇదంతా తేలడానికి పదేళ్లు పట్టింది.

వికీపీడియా కూడా ఇంతే. ఇన్ని భాషల్లో రాసిన కంటెంట్ అంతా ఓపెన్‌గా ఇచ్చిన సంస్థ, తన పజిల్ గ్లోబ్ లోగోని మాత్రం చాలా ఏళ్లు మూసి ఉంచింది. 2014 అక్టోబర్‌లో దాన్ని కూడా క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 3.0 కిందకి తెచ్చారు. ట్రేడ్‌మార్క్ మాత్రం ఇప్పటికీ వికీమీడియా ఫౌండేషన్‌దే. మనం తెలుగు వికీపీడియా వర్క్‌షాప్ పోస్టర్ మీద గ్లోబ్ వేసుకునేటప్పుడు కూడా వర్తించేది ఆ ఫౌండేషన్ రూల్సే.

మరీ వదిలేస్తే..?

అసలు రూల్సే వద్దు, ఓపెన్ అంటే ఓపెన్ అనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి లైనక్స్ అనుభవం చెప్పాలి. లినస్ టోర్వాల్డ్స్ మొదట్లో ఆ పేరుని ట్రేడ్‌మార్క్ చేయించలేదు. 1994లో అమెరికాలో వేరే ఒకతను వెళ్లి లైనక్స్ పేరు తనదని అప్లికేషన్ పెట్టాడు. రిజిస్టర్ కూడా అయింది. ఆ తర్వాత లైనక్స్ అమ్మే కంపెనీలకి రాయల్టీ కట్టమని లెటర్లు పంపడం మొదలుపెట్టాడు. చివరికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1997లో సెటిల్ అయి, ఆ పేరు టోర్వాల్డ్స్ చేతికి వచ్చింది.

లైనక్స్ పెంగ్విన్ టక్స్ కథ మాత్రం వేరు. 1996లో ల్యారీ యూయింగ్ దాన్ని జింప్‌లో గీశారు. వాడుకోండి, మార్చుకోండి, ఎవరైనా అడిగితే మాత్రం నా పేరు, జింప్ పేరు చెప్పండి.. అంతే ఆయన పెట్టిన షరతు. అందుకే టక్స్‌కి ఎన్ని వేషాలు వేసినా ఎవరూ అడ్డు చెప్పలేదు. పేరు గట్టిగా పట్టుకుని, మస్కట్‌ని వదిలేయడం అనే పద్ధతి తర్వాత ఆండ్రాయిడ్ కూడా పాటించింది. ఆ పాత గ్రీన్ రోబో బొమ్మని గూగుల్ క్రియేటివ్ కామన్స్ బై 3.0 కింద ఇచ్చింది. ఆండ్రాయిడ్ అనే మాట మాత్రం గూగుల్ ట్రేడ్‌మార్క్.

పేరు రిజిస్టర్ చేసుకున్నా సరే.. పెద్ద కంపెనీ వస్తే ఖర్చు తప్పదు. గ్నోమ్ అనే లైనక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్ట్ ఉంది. 2014లో గ్రూపాన్ కంపెనీ తన కొత్త ట్యాబ్లెట్ ప్రొడక్ట్‌కి అదే పేరు పెట్టి, 28 ట్రేడ్‌మార్క్ అప్లికేషన్లు వేసింది. వాటిలో మొదటి పదింటిని ఎదుర్కోవడానికే 80 వేల డాలర్లు కావాలని గ్నోమ్ ఫౌండేషన్ విరాళాలు అడిగింది. సోషల్ మీడియాలో గట్టిగా వ్యతిరేకత రావడంతో గ్రూపాన్ వెనక్కి తగ్గి పేరు మార్చుకుంది. ముందే రిజిస్ట్రేషన్ ఉండటం వల్లే గ్నోమ్‌కి ఆ మాత్రం బలం దొరికింది.

మరీ బిగిస్తే..?

2023 ఏప్రిల్‌లో రస్ట్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఫౌండేషన్ కొత్త ట్రేడ్‌మార్క్ రూల్స్ డ్రాఫ్ట్ ఒకటి రిలీజ్ చేసి అభిప్రాయాలు అడిగింది. లోగో రంగులు, ఆకారం మార్చొద్దు, ప్యాకేజీ పేర్లలో రస్ట్ అనే మాట ఎలా వాడాలి, రస్ట్ పేరుతో జరిగే మీటింగ్‌లకి ఆయుధాలు తేకూడదు.. ఇలా చాలా దూరం వెళ్లింది ఆ డ్రాఫ్ట్. ఇన్నాళ్లూ ప్రేమతో స్టిక్కర్లు వేసుకుని, ఫ్రీగా కోడ్ రాసిన డెవలపర్లకి ఒళ్లు మండింది. కొంతమంది క్రాబ్‌ల్యాంగ్ అని వేరు కుంపటి కూడా పెట్టేశారు. ఫౌండేషన్ క్షమాపణ చెప్పి డ్రాఫ్ట్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఆ డ్రాఫ్ట్‌లో అన్నీ చెడ్డ రూల్సేం కావు. కానీ దొంగ ఇన్‌స్టాలర్ పెట్టేవాడినీ, కాలేజీలో మీటప్ పెట్టే కుర్రాడినీ ఒకే గాటన కట్టేసినట్టు కనిపించింది. దొంగ ఎలాగూ రూల్స్ చదవడు. చదివి భయపడేది ఆ కుర్రాడే.

గొడవ మొదలయ్యాక రూల్ మార్చడం ఇంకా ప్రమాదం. వర్డ్‌ప్రెస్ గొడవ గుర్తుందా? 2024 సెప్టెంబర్‌లో వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మ్యాట్ ముల్లెన్‌వెగ్‌కి, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకి మధ్య మాటల యుద్ధం మొదలైంది. వర్డ్‌ప్రెస్ ట్రేడ్‌మార్క్ రూల్స్ పేజీలో డబ్ల్యూపీ అనే రెండక్షరాలు ట్రేడ్‌మార్క్ కిందకి రావు, ఎలాగైనా వాడుకోండని ఎప్పటి నుంచో ఉంది. గొడవ మధ్యలోనే ఆ లైన్ మార్చేశారు. జనాన్ని కన్ఫ్యూజ్ చేసేలా వాడొద్దంటూ, డబ్ల్యూపీ ఇంజిన్ పేరునే ఉదాహరణగా ఎక్కించారు. అక్టోబర్‌లో వ్యవహారం కోర్టుకెళ్లింది. ఎవరిది రైట్ అనేది పక్కన పెడితే.. పేరులో డబ్ల్యూపీ పెట్టుకుని ఏళ్ల తరబడి ప్లగిన్లు చేస్తున్న చిన్న డెవలపర్లందరికీ ఒక్కసారిగా గుబులు పట్టుకుంది.

మరి బొమ్మకి ఏ లైసెన్స్ పెట్టాలి?

చాలామందికి మొదట తట్టేది, కమర్షియల్‌గా వాడొద్దు అనే ఎన్‌సీ లైసెన్స్, లేదా మార్చొద్దు అనే ఎన్‌డీ లైసెన్స్. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అలా పెడితే డెబియన్ లాంటి ప్రాజెక్టులు మీ యాప్‌ని ఆ బొమ్మతో తీసుకోవు. వికీమీడియా కామన్స్‌లోకి ఆ లైసెన్స్‌తో బొమ్మ ఎక్కదు. ఆండ్రాయిడ్‌లో ఓపెన్ సోర్స్ యాప్స్ ఇచ్చే ఎఫ్-డ్రాయిడ్ స్టోర్ అయితే.. ఇందులో ఫ్రీ కాని బొమ్మలున్నాయి అని మీ యాప్ పేజీ మీదే హెచ్చరిక వేస్తుంది. పోనీ దొంగ ఆగుతాడా అంటే అదీ లేదు.

మా సలహా అయితే క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 గానీ, ఉత్త బై 4.0 గానీ చాలు. ఆ లైసెన్సులోనే ట్రేడ్‌మార్క్ హక్కులు ఇవ్వడం లేదని రాసి ఉంది. అన్నీ వదిలేసే సీసీ జీరోలో కూడా ట్రేడ్‌మార్క్ వదులుకున్నట్టు కాదని ఉంటుంది. కాబట్టి బొమ్మ ఓపెన్ చేస్తే పేరు కూడా పోయినట్టే అన్న భయం అక్కర్లేదు. కాకపోతే ఒక్కటి.. ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌ని వెనక్కి తీసుకోలేరు. ఫైనల్ చేయని డ్రాఫ్ట్ బొమ్మల మీద తొందరపడి పెట్టేయొద్దు.

ఫాంట్ల దగ్గర ఇదే సమస్యకి ఇంకో పరిష్కారం ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఫాంట్ చేసినవాళ్లు కావాలనుకుంటే ఒక పేరుని రిజర్వ్ చేసుకునే వీలు ఆ లైసెన్స్‌లోనే ఉంది. అలా రిజర్వ్ చేస్తే.. అక్షరాలు మార్చుకోండి, పంచుకోండి, కానీ మార్చినదాన్ని అదే పేరుతో పిలవొద్దు అని అర్థం. పేపర్ డిజైనర్ ఒకరు ఫాంట్‌లో ఒత్తులు మార్చి అదే పేరుతో వదిలితే, ఇంకో ఊళ్లో ఫైల్ తెరిచినప్పుడు పేజీ అంతా చెదిరిపోతుంది కదా. అందుకే ఆ రూల్.

అసలు బొమ్మ గీసిందెవరు?

ఇది ఎవరూ అడగని ప్రశ్న. కానీ ముందు అడగాల్సింది ఇదే. హాస్టల్ రూమ్‌మేట్‌తో లోగో గీయించుకున్నారనుకోండి. డబ్బులిచ్చినా, బిర్యానీ తినిపించినా.. మన కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవాళ్లే మామూలుగా తొలి ఓనర్. ఉద్యోగంలో భాగంగా గీస్తే కంపెనీది అవుతుంది. హక్కులు మీకు రావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. వాట్సాప్‌లో ఓకే బ్రో అంటే ధీమాగా ఉండలేం.

ఆ కాగితంలో కూడా ఒక చిక్కు ఉంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం.. హక్కులు ఎంతకాలానికి ఇస్తున్నారో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. ఇంటర్నెట్‌లో పెట్టే ప్రాజెక్ట్‌కి ఇది ఎంత ఇబ్బందో ఆలోచించండి. అందుకే కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా అని రాయించుకోవాలి. లేదంటే ఇంకో సులువైన దారి.. గీసినవాళ్లే తమ పేరుతో ఆ బొమ్మని క్రియేటివ్ కామన్స్ కింద రిలీజ్ చేయడం. కాలం, ప్రదేశం రెండూ ఆ లైసెన్స్‌లోనే రాసి ఉంటాయి.

రెడీమేడ్ టెంప్లేట్ యాప్‌లలో దొరికే బొమ్మలతో లోగో చేస్తే మాత్రం కష్టమే. అదే బొమ్మ ఇంకో వందమంది వాడి ఉంటారు. మీది అని చెప్పుకునే హక్కు, ఓపెన్ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు.. రెండూ మీకు ఉండకపోవచ్చు.

ఓనర్‌షిప్ ఎవరి పేరు మీద ఉండాలనేది కూడా ముందే మాట్లాడుకోవాలి. నలుగురు ఫ్రెండ్స్ కలిసి పెట్టిన ప్రాజెక్ట్‌లో ఒకరి పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉండి, రేపు వాళ్లు బయటికి వెళ్లిపోతే? పేరు కూడా వాళ్లతోనే వెళ్తుంది. అందుకే చాలా ప్రాజెక్టులు ఒక లాభాపేక్ష లేని సంస్థకి అప్పజెబుతాయి. డెబియన్ లోగో, పేరు సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ అనే సంస్థ దగ్గరుంటాయి. గిట్ ట్రేడ్‌మార్క్ సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ దగ్గరుంది.

రూల్స్ పేజీలో ఏం రాయాలి?

లాయర్ భాష అక్కర్లేదు. ఒక్క పేజీ చాలు. అడగక్కర్లేనివి ముందు రాయండి. చాలా పాలసీలు వద్దు, కూడదు అని మొదలవుతాయి.. చదివేవాడు అక్కడే మూసేస్తాడు. మా వరకు మాకు పనికొచ్చే పేజీ ఇలా ఉంటుంది..

"మా యాప్ గురించి రాసే వార్తలో, వీడియోలో, థంబ్‌నెయిల్‌లో, క్లాసులో, పుస్తకంలో లోగో వాడొచ్చు. అడగక్కర్లేదు. మీ యాప్ మా యాప్‌తో పనిచేస్తుందని చెప్పడానికి వాడొచ్చు, కానీ మీ సొంత లోగో కంటే పెద్దగా పెట్టొద్దు. మీటప్‌కి స్టిక్కర్లు, టీషర్ట్‌లు వేసుకోవచ్చు. లాభానికి అమ్మాలంటే మెయిల్ చేయండి. మార్చని ఒరిజినల్ వెర్షన్‌ని మా పేరుతో, లోగోతో పంచుకోవచ్చు. కోడ్ మార్చి రిలీజ్ చేస్తే మాత్రం మీ సొంత పేరు, సొంత లోగో పెట్టుకోండి. మా ప్రాజెక్ట్ ఆధారంగా చేశామని రాసుకోవచ్చు. మా పేరుతో కంపెనీ గానీ, వెబ్‌సైట్ అడ్రస్ గానీ రిజిస్టర్ చేయొద్దు."

మార్చడం అంటే ఏంటో కూడా ఒక లైన్ రాయాలి. తెలుగులోకి అనువదించడం, బగ్ సరిచేయడం, వేరే సిస్టమ్‌లో పనిచేసేలా చిన్న సర్దుబాట్లు చేయడం.. ఇవి పర్వాలేదు అని రాస్తే డెబియన్, ఫైర్‌ఫాక్స్ లాంటి గొడవ మొదట్లోనే ఆగిపోతుంది. మెయిల్ చేయమన్న చోట ఎన్ని రోజుల్లో జవాబిస్తారో కూడా చెప్పండి. నెలల తరబడి జవాబు ఇవ్వని పర్మిషన్ రూల్, అసలు వద్దన్నట్టే లెక్క.

రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

కాదు. రిజిస్టర్ కాకపోయినా, మీ పేరుతో జనాన్ని మోసం చేస్తున్నారని నిరూపించగలిగితే మన చట్టంలో పాసింగ్ ఆఫ్ కింద కేసు వేయొచ్చు. కానీ మీ పేరుకి గుర్తింపు ఉందని మీరే రుజువు చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పని తేలికవుతుంది.

ఫీజు మరీ అందనంత ఏం కాదు. వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో క్లాస్‌కి రూ.4,500. మిగతావాళ్లకి రూ.9,000. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ 9వ క్లాస్ కిందకి, ఆన్‌లైన్ సర్వీస్‌గా నడిచేవి 42వ క్లాస్ కిందకి వస్తాయి. ఏపీ, తెలంగాణ రెండూ చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీస్ పరిధిలోకే వస్తాయి. జర్నల్‌లో పబ్లిష్ అయ్యాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వచ్చాక పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ రెన్యువల్ చేసుకోవాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే బొమ్మ కంటే ముందు పేరు రిజిస్టర్ చేయించుకోవడం మేలు. లోగోలు మారుతుంటాయి, పేరు మారదు. రిజిస్ట్రేషన్ రాకముందు పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. గుండ్రటి సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్టర్ అయ్యాకే.

అసలు అప్లై చేయడం కంటే ముందు, ఇండియా ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా సెర్చ్ చేసి ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో చూసుకోండి. ఫైర్‌ఫాక్స్‌కే ఈ తిప్పలు తప్పలేదు. మొదట ఫీనిక్స్, తర్వాత ఫైర్‌బర్డ్.. రెండు పేర్లూ వేరేవాళ్లతో గొడవ వచ్చి మార్చుకున్నాకే 2004లో ఫైర్‌ఫాక్స్ అయింది.

పేరు మార్చుకోమని చెప్పడం సరే.. మార్చుకోవడం తేలికగా ఉందా?

డెవలపర్లు పట్టించుకోని చివరి విషయం ఇది. మా కోడ్ మార్చినవాళ్లు లోగో తీసేయాలి అని రూల్ రాస్తారు. చూస్తే ఆ లోగో యాభై ఫైళ్లలో, పేరు రెండు వందల చోట్ల ఉంటుంది. తీసేయాలనుకున్నవాడు కూడా విసుగొచ్చి వదిలేస్తాడు. ఫైర్‌ఫాక్స్ కోడ్‌లో పేరు, బొమ్మలన్నీ బ్రాండింగ్ అనే ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. కోడ్ తీసుకుని మామూలుగా తయారుచేస్తే అసలు నక్క బొమ్మ రాదు. అధికారిక బ్రాండింగ్ అనే స్విచ్ ప్రత్యేకంగా ఆన్ చేస్తేనే వస్తుంది. క్రోమ్ కూడా అంతే. ఓపెన్ కోడ్‌తో తయారయ్యేది నీలం రంగు లోగోతో ఉండే క్రోమియం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల బొమ్మ, క్రోమ్ అనే పేరు గూగుల్ ఇచ్చే వెర్షన్‌కి మాత్రమే. మీ ప్రాజెక్ట్‌లో కూడా పేరు ఒక సెట్టింగ్ ఫైల్‌లో, బొమ్మలు ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అందులోనే లైసెన్స్ ఫైల్, రూల్స్ పేజీ లింక్ పెట్టేయండి. ఎవరైనా కోడ్ తీసుకెళ్లి మార్చుకుంటే, ఆ ఒక్క ఫోల్డర్ మార్చుకుంటే వాళ్లకి సరిపోతుంది.